పాత చెత్త గుట్ట మీద 500 కిలోవాట్ల గ్యాస్ ఇంజన్: ముందు గ్యాస్ లెక్క, తరువాతే ఇంజన్ బేరం

అన్నా అని పిలిచి అడిగారు కాబట్టి కాస్త చనువుగానే చెప్తాను. మీరు అడిగింది ఇదీ: చెన్నై శివార్లలో ఒక మున్సిపాలిటీ ఆరేళ్ల కిందట చెత్త పోయడం ఆపేసిన గుట్ట ఉంది. పన్నెండు ఎకరాలు. పదిహేనేళ్లలో అక్కడ పడింది సుమారు 3 లక్షల టన్నులు. మీ బావగారికి ఎక్కడో 500 కిలోవాట్ల సెకండ్‌హ్యాండ్ గ్యాస్ ఇంజన్ చవకగా దొరుకుతోంది. అంబత్తూరులో మీకున్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు మీద లోన్ తీసి భాగస్వామిగా చేరమంటున్నారు. చేరొచ్చా? కరెంటు ఈబీకి, అంటే విద్యుత్ బోర్డుకి, అమ్మితే ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది?

ఆ ఇంజన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. ఎందుకో చెప్పడానికి కాస్త వివరంగా రాయాలి.

ముందు నా సంగతి. మాది నెల్లూరు జిల్లా. మలేషియాలో ఒక పెద్ద లాండ్‌ఫిల్ (పద్ధతిగా చెత్త పూడ్చే స్థలం) పక్కన, ఒక్కొక్కటి వెయ్యి కిలోవాట్ల ఇంజన్లు రెండున్న ప్లాంటులో తొమ్మిదేళ్లు పనిచేశాను. షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరి ప్లాంటు ఇన్‌చార్జిగా బయటికొచ్చాను. తిరిగొచ్చాక చెన్నైలోనే, పెరంబూరులో ఇల్లు, హోటళ్ల తడిచెత్తతో నడిచే బయోగ్యాస్ ప్లాంట్లు చూస్తున్నాను. కాబట్టి నేను చెప్పేది ఇంజన్లు అమ్మేవాళ్ల లెక్క కాదు, రాత్రి రెండింటికి అలారం మోగితే లేచి వెళ్లినవాడి లెక్క.

మన ఊళ్లలో గోబర్ గ్యాస్ తొట్టి చూసే ఉంటారు. పేడ, నీళ్లు కలిపి గాలి తగలకుండా మూసిపెడితే లోపలి సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. చెత్త గుట్ట లోపల జరిగేదీ అదే. తేడా ఏమిటంటే ఇక్కడ తొట్టీ లేదు, పైన డోమూ లేదు, లోపల ఏం పడిందో ఎవరికీ తెలియదు. చెత్త పడిన కొత్తలో మధ్యలో చిక్కుకున్న గాలి అయిపోతుంది. తరువాత పులుపు దశ, ముక్కు మూసుకునేది అప్పుడే. కొన్ని నెలలు గడిచాక మీథేన్ పుట్టే దశ మొదలవుతుంది. అది కుదురుకున్నాక వచ్చే గ్యాస్‌లో సుమారు సగం మీథేన్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. కొంచెం నైట్రోజన్, నీటి ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్, పేర్లు గుర్తుండని మరికొన్ని. మీథేన్‌కి వాసన లేదు. గుట్ట పక్కన మనకి తగిలే కంపు మిగతావాటిది. "కంపు బాగా కొడుతోంది, గ్యాస్ దండిగా ఉన్నట్టే" అని మీ బావగారు అన్న మాటకి అందుకే విలువ ఇవ్వలేను.

ఈ పని కొత్తదేమీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్ లాండ్‌ఫిల్ నుంచి 1975లోనే గ్యాస్ తీసి వాడారు. వాతావరణ మార్పుల మీద దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద, వేడి పెంచే వాయువులు తగ్గించినందుకు అమ్ముకోగల కార్బన్ క్రెడిట్లు ఇచ్చే పథకంలో 2004లో మొట్టమొదట రిజిస్టరయింది బ్రెజిల్‌లోని ఒక లాండ్‌ఫిల్ గ్యాస్ ప్రాజెక్టే. ఇంజన్ నడుస్తుందా అన్నది ఎప్పుడో తేలిపోయింది. తేలాల్సింది మీ గుట్టలో ఎంత మిగిలిందన్నది.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. యూరప్ లెక్కలు, అమెరికా లెక్కలు తెచ్చి మన గుట్టకి అంటిస్తారు. మన ఇళ్లలో పేపరు, అట్టపెట్టెలు, ఇనుము, సీసాలు పాతసామాన్ల బండికి పోతాయి. మిగిలేది అన్నం, కూరగాయ తొక్కలు, అరటాకులు, కొబ్బరి బోండాలు, పైన రోడ్డు ఊడ్చిన మట్టి, కాలవల్లో తీసిన సిల్టు. ఆ మట్టి ఎంతకాలం ఉన్నా గ్యాస్ ఇవ్వదు. కుళ్లేదేమో మన వేడికీ తడికీ గబగబా కుళ్లిపోతుంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చే పట్టికల్లో వేడి, తడి ప్రాంతాల ఆహార వ్యర్థాలకి కుళ్లే రేటు ఏడాదికి 0.4 అని ఉంటుంది. అంటే రెండేళ్లు తిరక్కముందే అందులో సగం అయిపోతుంది. అదే ఆహారం చలి, పొడి ప్రాంతాల్లో సగం కావడానికి పదకొండేళ్లకి పైగా పడుతుంది. వాళ్ల గుట్ట ఇరవై ఏళ్లు పాలిచ్చే గేదె అయితే మనది ఈనిన మూడు నెలలు కుండెడు ఇచ్చి ఆ తరువాత ఎండిపోయేది. మీ గుట్ట చెత్త పోయడం ఆగి ఆరేళ్లయింది.

లెక్క వేద్దాం. అన్ని రకాలూ కలిసిన చెత్తకి అదే పట్టికలో రేటు 0.17. మనలాంటి చెత్త టన్నుకి మొత్తం జీవితకాలంలో 60 క్యూబిక్ మీటర్ల మీథేన్ వస్తుందనుకుందాం, ఇది ఉదారంగా వేసుకున్నదే. ఏడాదికి 20 వేల టన్నుల చొప్పున పదిహేనేళ్లు పోశారు. అలా చూస్తే మూసిన రోజున గుట్ట మొత్తం గంటకి సుమారు 125 క్యూబిక్ మీటర్ల మీథేన్ పుట్టించి ఉండాలి. ఆరేళ్లు గడిచాక అది గంటకి 45కి దిగుతుంది. పైగా మీది రోలర్‌తో తొక్కించి, రోజూ మట్టి కప్పిన లాండ్‌ఫిల్ కాదు, లారీ వచ్చి ఒంపేసిన గుట్ట. పై పొరల్లో గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ మీథేన్ పుట్టదు. దానికి ఇరవై శాతం తీసేయండి. 36. ఇక మనం పైపులతో పట్టుకోగలిగేది, పైన సరైన కప్పు లేని గుట్టలో, సగం వస్తే మహాభాగ్యం. 18.

ఒక క్యూబిక్ మీటర్ మీథేన్‌లో వేడి రూపంలో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజన్ అందులో 35 శాతం కరెంటుగా మారుస్తుంది. అంటే 18 క్యూబిక్ మీటర్లకి 63 కిలోవాట్లు. మీ బావగారి ఇంజన్ 500. అది పూర్తి లోడుమీద నడవాలంటే గంటకి 140 క్యూబిక్ మీటర్ల మీథేన్ కావాలి, అంటే గుట్ట గ్యాస్ 280. గుట్టని మూసిన రోజున పుట్టిన మీథేన్‌ని ఒక్క బుడగ పోకుండా పట్టుకున్నా అది చాలదు. ఇక ఆ 63 కూడా ఈ ఏడాది మాటే. 0.17 చొప్పున తరుగుతూ పోతే నాలుగేళ్లకి అది సగం.

నా లెక్క తప్పు కావచ్చు, ఇంతకి రెట్టింపే ఉందనుకోండి. 126 కిలోవాట్లు. అప్పటికీ 500 ఇంజన్ పావు లోడుమీద నడవాలి. గ్యాస్ ఇంజన్‌ని పావు లోడులో నెలల తరబడి నడిపితే ఆయిల్ మండి, ప్లగ్గుల మీద మసి పేరుకుని అది మొరాయించడం మొదలుపెడుతుంది. నలుగురున్న ఇంటికి కల్యాణమండపం గుండిగ తెచ్చినట్టు ఉంటుంది.

లెక్క పక్కన పెట్టి, నేలమీద కొలవడమే అసలు పని. దీన్ని పంపింగ్ టెస్ట్ అంటారు. గుట్టలో మూడు నాలుగు చోట్ల బావులు దించి, చిన్న బ్లోయర్‌తో కొన్ని వారాలు గ్యాస్ లాగి, ఎంత వస్తోంది, ఎంత కాలం నిలబడుతోంది చూడాలి. మొదటి మూడు రోజులు ఏ గుట్టయినా బ్రహ్మాండంగా ఇస్తుంది, ఏళ్లుగా లోపల నిలవ ఉన్నది కదా. ఆ రీడింగు చూసి ఇంజన్ బుక్ చేసినవాళ్లు నాకు తెలుసు. మూడో వారం రీడింగు చూడాలి.

బావి అంటే నీళ్ల బోరు కాదు. నీళ్ల బోర్ బండి తెచ్చి సుత్తితో దిగ్గొడితే పాత చీరలు, కొబ్బరిపీచు, ప్లాస్టిక్ అన్నీ రాడ్‌కి చుట్టుకుని ఆగిపోతుంది. బకెట్ లాంటి ఆగర్‌తో (తిరుగుతూ తవ్వే పనిముట్టు) రెండు మూడు అడుగుల వెడల్పు గొయ్యి తీయాలి. గుట్ట లోతులో ముప్పావు వంతు వరకే దిగాలి, అడుగు పగిలితే కింద భూగర్భ జలాల్లోకి ఊట, అంటే చెత్తలోంచి ఊరే మురికి నీళ్లు, దిగుతుంది. మధ్యలో చిల్లులున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, చుట్టూ కంకర. సున్నపురాయి కంకర వద్దు, ఆ ఊటలో కరిగిపోతుంది. పైన రెండు మూడు అడుగులు తడిస్తే ఉబ్బే బెంటొనైట్ మట్టితో సీలు. ఆ సీలే ప్రాణం. ఆవకాయ జాడీకి వాసెన గట్టినంత జాగ్రత్తగా వేయాలి, లేకపోతే గ్యాస్ బదులు బయటి గాలి లోపలికి వస్తుంది. మీకు ఫ్యాబ్రికేషన్ తెలుసు కాబట్టి వెల్‌హెడ్లు (బావి మూతి మీద వాల్వుతో ఉండే బిగింపులు), బావుల గ్యాస్‌ని కలిపి తెచ్చే హెడర్ పైపుకి సపోర్టులు మీ షెడ్డులోనే చేసుకోవచ్చు, ఆ మేరకు డబ్బు మిగులుతుంది.

ప్లాంటు పెట్టాక రోజు ఎలా తెల్లారుతుందో కూడా తెలియాలి. మా దగ్గర 60కి పైగా బావులు. ఉదయం ఆరింటికి భుజాన గ్యాస్ ఎనలైజర్ వేసుకుని గుట్టెక్కేవాళ్లం. ఒక్కో వెల్‌హెడ్ దగ్గర గొట్టం తగిలిస్తే స్క్రీన్ మీద నాలుగు అంకెలు: మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్, మిగతాది. ఆ మిగతాది దాదాపు నైట్రోజనే. పక్కనే వేడి, పీడనం. మీథేన్ 52, ఆక్సిజన్ 0.4 ఉంటే బావి కులాసాగా ఉందని వాల్వు ఇంకో పావు తిప్పు తెరుస్తాం. మీథేన్ 43కి పడి నైట్రోజన్ పెరిగితే ఎక్కువ లాగుతున్నామని పావు తిప్పు మూస్తాం. అంతే, పావు తిప్పే. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మామూలు గాలిలో నైట్రోజన్ ఆక్సిజన్‌కి దాదాపు నాలుగింతలు. ఎనలైజర్‌లో నైట్రోజన్ 18 ఉండి ఆక్సిజన్ 0.5 మాత్రమే ఉందనుకోండి, లోపలికి వెళ్లిన గాలిలోని ఆక్సిజన్ ఏమైంది? లోపల ఏదో దాన్ని తినేస్తోంది. కుళ్లు వేడెక్కుతోంది. ఆక్సిజన్ తక్కువగా ఉందని సంతోషించే కొత్త ఆపరేటర్‌ని నేను చాలాసార్లు తిట్టాను.

మాకు జరిగింది కూడా అదే. ఒక ఏడాది చివర్లో కరెంటు టార్గెట్ తగ్గిందని మేనేజ్‌మెంట్ నుంచి ఒత్తిడి. బ్లోయర్ స్పీడు పెంచమన్నారు. వద్దని ఒక మెయిల్ పెట్టి, మళ్లీ నేనే పెంచాను. ఉద్యోగం చేసేవాడికి అంతకన్నా ఏం చేతనవుతుంది. రెండు వారాలు మీటర్ పరుగులు పెట్టింది, అందరూ మెచ్చుకున్నారు. మూడో వారం తూర్పు వాలులో ఒక బావి వేడి 48 నుంచి 57కి, తరువాత 66 డిగ్రీలకి పోయింది. హెచ్‌డీపీఈ పైపు ముట్టుకుంటే మెత్తగా తగిలింది. కార్బన్ మోనాక్సైడ్ వెయ్యి పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి) దాటింది. అంటే లోపల నిప్పు. ఒక ఉదయం చూస్తే ఆ బావి చుట్టూ నేల అడుగున్నర కుంగి, పగుళ్లలోంచి సన్నగా ఆవిరి. నీళ్లు కొట్టి ఆర్పగలిగే మంట కాదది. చుట్టుపక్కల తొమ్మిది బావులు మూసి, పైన లారీల కొద్దీ బంకమట్టి తొక్కించి, గాలి ఆడకుండా చేసి ఐదు నెలలు కాచుకున్నాం. ఆ ఐదు నెలల్లో పోయిన కరెంటు ముందు, ఆ రెండు వారాల్లో ఎక్కువ వచ్చింది చిల్లర. పొదుగులో ఉన్నదానికన్నా ఎక్కువ పిండితే ఏం వస్తుందో మనకి చిన్నప్పుడే తెలుసు, జీతం తీసుకునేటప్పుడు మరిచిపోతాం.

చెన్నైలో ఈ భయం ఇంకా ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో పెరుంగుడి డంపింగ్ యార్డు రోజుల తరబడి మండింది, పొగ పళ్లికరణై దాటి ఐటీ ఆఫీసుల మీదికి వచ్చింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. మంట పడిన గుట్టలో రెండు నష్టాలు. గ్యాస్ ఇవ్వాల్సిన పదార్థం కాలిపోతుంది. కాలినచోట గుల్లలు ఏర్పడి గాలికి దారులు పడతాయి. మీ గుట్ట ఎన్నిసార్లు అంటుకుందో మున్సిపాలిటీ కాగితాల్లో దొరక్కపోవచ్చు. పక్కన టీకొట్టు నడిపేవాళ్లకి తప్పకుండా తెలుస్తుంది.

రెండో శత్రువు నీళ్లు. చెన్నైకి ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. కప్పు లేని గుట్ట ఆ నీళ్లన్నీ తాగుతుంది. బావిలో చిల్లుల పైపు ఊటలో మునిగితే గ్యాస్‌కి దారి ఉండదు. ఐప్పసి (అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తమిళ నెల) వానల తరువాత బావుల్లో నీటిమట్టం కొలిచి, గాలితో నడిచే చిన్న పంపులు దింపి, ఊట తోడితేనే మళ్లీ గ్యాస్ కనిపిస్తుంది. ఆ తోడిన ఊటని ఎక్కడ పోస్తారు? కాలవలో వదిలితే కాలుష్య నియంత్రణ మండలి ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. దాన్ని శుద్ధి చేసే ఖర్చు మీ బావగారి కాగితంలో ఉందేమో చూడండి.

గ్యాస్ కూడా తడిగానే వస్తుంది. గుట్ట లోపల వెచ్చగా ఉండి పైపులోకి వచ్చి చల్లబడగానే నీళ్లు దిగుతాయి. అందుకే హెడర్ పైపుకి మంచి వాటం ఇచ్చి, పల్లంలో నీళ్లు దిగే గుండ్రని పాత్ర పెడతాం. కానీ గుట్ట రోజూ కుంగుతూ ఉంటుంది. ఇవాళ వాటంగా ఉన్న పైపు ఆర్నెల్లకి ఉయ్యాలలా వేలాడుతుంది, ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి. కంట్రోల్ రూములో కూర్చుంటే గ్యాస్ ప్రెషర్ ముల్లు గుటక వేసినట్టు పైకీ కిందికీ ఊగుతుంది, ఇంజన్ గొంతు మారుతుంది. అది వినగానే టార్చిలైటు తీసుకుని పైపు వెంట నడవాలి. చేత్తో తడితే నీళ్లున్న చోట మొద్దుగా మోగుతుంది.

ఆ నీళ్లు దిగే సంపుల గురించి ఒక్కటి, దయచేసి జాగ్రత్తగా చదవండి. మా హెల్పర్ ఒకతను పడిపోయిన స్పానర్ తీద్దామని ఆరడుగుల సంపులోకి దిగాడు. "వాసనేమీ రావట్లేదు" అన్నాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ప్రాణం పోయే అపాయం మొదలయ్యేదీ అక్కడే. అతను మెట్టు దిగి కూలబడ్డాడు. పైన ఇద్దరున్నారు కాబట్టి, నడుముకి తాడు ఉంది కాబట్టి లాగేశారు. ఆ తరువాత మీటర్ చూపించకుండా ఎవరినీ దిగనివ్వలేదు. మీథేన్ సంగతి సరేసరి, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. లాండ్‌ఫిల్ స్థలంలో మీథేన్ ఆ కింది హద్దులో పావు వంతు, అంటే 1.25 శాతం, దాటకూడదని మన 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో పెట్టారు.

ఇక ఇంజన్. సెకండ్‌హ్యాండ్ అన్నారు, అది ఇంతకు ముందు ఏ గ్యాస్ మీద నడిచింది? పైప్‌లైన్ సహజవాయువు మీద నడిచిన ఇంజన్‌కి గ్యాస్ ట్రెయిన్ (ఇంజన్‌కి గ్యాస్ తెచ్చే పైపులు, వాల్వుల వరస), మిక్సర్, కంట్రోల్ సెట్టింగులు అన్నీ వేరు. సగం మీథేన్ ఉన్న గ్యాస్ ఇస్తే దానికి రెట్టింపు పరిమాణం లోపలికి పోవాలి. ఆ మార్పు చేయించే ఖర్చు చవక బేరాన్ని మింగేస్తుంది. గుట్ట గ్యాస్ మీదే నడిచిందంటారా, అయితే సిలిండర్ హెడ్ ఒకటి విప్పించి చూడండి. మనం వాడే షాంపూలు, క్రీములు, సబ్బుల్లో సిలికాన్ పదార్థాలుంటాయి. అవి గ్యాస్‌లో కలిసి వచ్చి ఇంజన్‌లో కాలి ఇసుకగా మారతాయి. మొదటిసారి హెడ్ విప్పినప్పుడు నేను సున్నం పూశారేమో అనుకున్నాను. వాల్వుల మీద, పిస్టన్ మీద తెల్లటి పొర, గోటితో గీస్తే పెంకులా రాలుతుంది. అదే పొర సిలిండర్ గోడని సాన పట్టేస్తుంది. దీన్ని ఆపాలంటే గ్యాస్‌ని చిల్లర్‌తో చల్లబరిచి, యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపాలి. ఆ కార్బన్ పాడవుతూ ఉంటుంది, మారుస్తూ ఉండాలి. ఇంజన్ ఆయిల్ కూడా సహజవాయువు మీద వేల గంటలు నడిచేది మా దగ్గర 700 గంటలకే మార్చాల్సి వచ్చేది. ప్రతి 250 గంటలకీ నమూనా ల్యాబుకి పంపి అందులో సిలికాన్ ఎంతుంది, ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఎంత మిగిలింది చూసేవాళ్లం.

ఈబీ వైపు కష్టాలు మీకు తెలియనివి కావు, గబగబా చెప్తాను. 415 వోల్టుల కరెంటుని ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి ఈబీ ఫీడర్ లైనుకి ఇవ్వాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కావాలి, తేడా వస్తే లైను విడదీసే రిలేలు సరిగ్గా సెట్ కావాలి. ఫీడర్ పోయిన క్షణంలో మీ ఇంజన్ తనంతట తాను విడిపోవాలి, లేకపోతే లైను మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది. ఇంజన్ ఆగినా గుట్ట ఆగదు కాబట్టి గ్యాస్‌ని కాల్చే ఫ్లేర్ తప్పనిసరి. తుపాను రోజుల్లో ఫీడర్ రోజుకి నాలుగుసార్లు పోతుంది. సరిగ్గా అప్పుడే, వాతావరణ పీడనం పడిపోవడం వల్ల, గుట్టలోంచి గ్యాస్ ఎక్కువగా ఎగదన్నుతుంది.

డబ్బు లెక్క చూద్దాం. 63 కిలోవాట్లు, ఏడాదికి 7,500 గంటలు నడిచిందనుకుంటే 4.7 లక్షల యూనిట్లు. బ్లోయర్, చిల్లర్, పంపులు అందులో పదో వంతు తింటాయి. యూనిట్‌కి ఆరు రూపాయలు వేసుకున్నా ఏడాదికి పాతిక లక్షలు. మూడు షిఫ్టుల మనుషులు, ఆయిల్, ప్లగ్గులు, కార్బన్, ఊట శుద్ధి, బ్యాంకు వడ్డీ. మీరే కూడండి. వచ్చే ఏడాది ఆ పాతిక 21 అవుతుంది. కార్బన్ క్రెడిట్లు ఆదుకుంటాయి కదా అంటారేమో. మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి 28 రెట్లు వేడి పుట్టిస్తుంది, నిజమే. కానీ మీరు పట్టుకునే కొద్దిపాటి మీథేన్‌కి ఏడాదికి మూడు వేల టన్నుల చిల్లర క్రెడిట్లు వస్తాయి. వాటిని లెక్కగట్టి సర్టిఫై చేసేవాళ్ల ఫీజులకే అందులో పెద్ద ముక్క పోతుంది. ముంబై గోరాయిలాంటి పెద్ద గుట్టని మూసి కప్పు వేసినప్పుడు కూడా గ్యాస్‌ని లాగి ఫ్లేర్‌లో కాల్చి క్రెడిట్లు తీసుకునే దారినే పట్టారు.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఆ గుట్ట అసలు ఉంటుందా? 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో పాత గుట్టల్ని తవ్వి, జల్లెడ పట్టి, భూమి ఖాళీ చేయడానికి నిధులు పెట్టారు. దాన్నే బయోమైనింగ్ అంటున్నారు. చెన్నైలోని పెరుంగుడి, కొడుంగైయూరు గుట్టల్లో మొదలుపెట్టింది ఇదే: ట్రామెల్ జల్లెళ్లు తిరుగుతాయి, మట్టి ఒక పక్కకి, ప్లాస్టిక్ పేలికలు సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలకి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో తవ్వకుండా పైన కప్పు వేసే దారి పట్టారు, అలాంటి చోట గ్యాస్ మాట మాట్లాడుకోవచ్చు. మీ మున్సిపాలిటీ రేపు బయోమైనింగ్ టెండర్ వేస్తే మీ బావులు, పైపులు అన్నీ ఆ జల్లెడలోకే పోతాయి. చెన్నై చుట్టుపక్కల పన్నెండు ఎకరాలంటే మాటలా, ఆ భూమి మీద ఎందరి కన్నో ఉంటుంది. చెత్త గుట్టని ఇక్కడివాళ్లు కుప్పైమేడు అంటారు, మనం కుప్ప అంటే ధాన్యం కుప్ప అనుకుంటాం. స్థలం ధర చూస్తే ఇప్పుడు రెండూ ఒకటే. కౌన్సిల్ తీర్మానం, పదిహేనేళ్ల గ్యాస్ హక్కుల కాగితం చేతిలో లేకుండా ఒక్క బావి కూడా తవ్వకండి.

మీకు ఈ రంగంలోకి రావాలనే ఉంటే ఇంకో దారి ఉంది. ఈ లెక్క మీరే సరిచూసుకోండి. కూరగాయల మార్కెట్ చెత్త, హోటల్ చెత్త తాజాగా దొరికితే టన్నుకి సుమారు 80 క్యూబిక్ మీటర్ల బయోగ్యాస్ ఇస్తుంది. రోజుకి 10 టన్నులు అంటే 800. అందులో 55 నుంచి 60 శాతం మీథేన్. ఇంజన్‌లో వేస్తే రోజుకి 1,600 యూనిట్లు, అంటే రాత్రింబవళ్లు 65 కిలోవాట్లు. మూడు లక్షల టన్నుల పాత గుట్ట ఇచ్చేది ఎంతో, రోజూ రెండు లారీల తాజా చెత్త ఇచ్చేదీ అంతే! పైగా ఏడాదికేడాది తరగదు. అందులో షాంపూ ఇసుక బెడద తక్కువ, గాలి చొరబడదు, నిప్పు పుట్టదు. కోయంబేడు మార్కెట్ వ్యర్థాలతో రోజుకి 30 టన్నుల చెత్త పట్టే బయోగ్యాస్ ప్లాంటు ఎప్పుడో 2000ల మధ్యలోనే కట్టారు, ఆ ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. ట్యాంకులు, స్టిర్రర్లు, పైపుల పని మీ షెడ్డుకి సరిగ్గా సరిపోతుంది. కరెంటు అమ్మే గొడవ వద్దనుకుంటే గ్యాస్‌ని పక్కనున్న క్యాంటీన్‌కి నేరుగా వంటకి ఇవ్వండి. ఇంజన్‌లో మూడింట రెండు వంతుల శక్తి వేడిగా పోతుంది, పొయ్యి మీద అంత పోదు. ఇందులో కష్టం వేరే ఉంది: చెత్త రోజూ రావాలి, అందులో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు ఉండకూడదు. వేరు చేసే నలుగురు మనుషులు మానేస్తే వారంలో ట్యాంకు పులిసిపోతుంది. బెంగళూరులో వార్డుల వారీగా పెట్టిన చిన్న ప్లాంట్లు చాలా మూలపడింది ఇలాంటి కారణాలకే.

బావగారితో ఎలా చెప్పాలో తెలియట్లేదని రాశారు. లెక్కలు చూపిస్తే మొహమాటాలు వస్తాయి. ఇంజన్ వాళ్లని మూడు విషయాలు అడగమనండి: మొత్తం ఎన్ని గంటలు తిరిగింది, చివరి ఓవర్‌హాల్ బిల్లు ఉందా, పాత ఆయిల్ రిపోర్టులు ఇస్తారా. వాళ్లు నసిగితే ఆయనే వెనక్కి తగ్గుతారు.

ఇప్పుడు వానలు పడుతున్నాయి కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసి చూడండి. రాత్రి వాన వెలిసిన తెల్లారి గాలి లేనప్పుడు ఇద్దరు కలిసి గుట్ట ఎక్కండి. పైన నిలిచిన నీటి గుంటలు చూడండి. గ్యాస్ ఉన్నచోట నీళ్లలోంచి సన్నటి బుడగలు వరసగా వస్తాయి, సోడా సీసాలో వచ్చినట్టు. ఎన్ని గుంటల్లో వస్తున్నాయి, గుట్ట నడినెత్తినా, వాలులోనా, ఫోన్‌లో వీడియో తీసి ఇక్కడ పెట్టండి. బీడీ, సిగరెట్ మాత్రం కిందే వదిలేసి వెళ్లండి.